ఎర్రదారం ముడి

ఆ రోజు అమీర్‌పేటలో బస్సెక్కి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నా పాత ఎలక్ట్రిక్ గిటార్‌లోంచి ఊడదీసిన పికప్‌ను ఒళ్లో పెట్టుకున్నాను. తీగల మోతను పట్టి స్పీకరుకు పంపేది అదే. దాని గరుకైన తీయదనం విదేశీ పనితనమని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

పక్కనున్న పెద్దావిడ దాని రాగిచుట్టకు కట్టిన ఎర్రదారం చూసి, “గిది నేను చుట్టిందే బిడ్డా,” అంది.

“కాదమ్మా, ఇది విదేశాలది.”

“లోపలి తీగ తెగితే సనత్‌నగర్‌ల మోటార్లకు తీగ చుట్టే మా షెడ్డుకు తెచ్చిండ్రు. చేత్తోటే చుట్టిన. అడుగున మూడు గీతలు గీసిన, చూడు.”

తిప్పి చూశాను. మూడు గీతలున్నాయి.

“ఎట్ల మోగుతది బిడ్డా? నేనెన్నడు ఇనలే.”

దానితో నేను వాయించినదొకటి ఫోన్‌లో పెట్టి ఆవిడ చెవికి ఆనించాను. పంజాగుట్టకు టికెట్ తీసుకున్న ఆవిడ, ఆ స్టాపు దాటిపోయినా లేవలేదు.