సెకండాఫ్ అద్దె

నరసరావుపేటలో నా డిస్కుల షాపు మూతపడ్డప్పుడు పోయినవి ఇవి: గీతలు పడినవీ తిరిగి రానివీ కలిపి నాలుగు వందల పన్నెండు డిస్కులు, రెండు ప్లేయర్లు, షాపు అడ్వాన్సు ముప్ఫై వేలు, మా ఆవిడ చీటీ పాడి తెచ్చిన డబ్బు. ఇవన్నీ ఎలాగో సర్దుకున్నాను. ఒక్క లెక్క మాత్రం తెగలేదు.

గంజాయి రవాణా మీద తీసిన ఒక సినిమాకు అవార్డులొచ్చాయి. మా ఊళ్లో ఆడలేదు. డీవీడీ వచ్చిందని తెలిసి గుంటూరు వెళ్లి తెచ్చాను. నేను కొన్న మొదటి డీవీడీ అదే. పెట్టెలో రెండు డిస్కులున్నాయి. అప్పటిదాకా నా దగ్గరున్న వీసీడీలన్నీ అంతే: మొదటిది ఇంటర్వెల్ దాకా, రెండోది ఆ తర్వాత. ఒక ఇంట్లో మొదటిది ఆడుతుంటే ఇంకో ఇంట్లో రెండోది ఆడేది. సగానికి పది రూపాయలు అద్దె.

మొదటి డిస్కు అద్దెకు వెళ్లిన సాయంత్రమే ఎదురు షెడ్డు మెకానిక్ వచ్చాడు. ఆయన కొడుకు కొన్నాళ్లుగా విశాఖ వైపు లారీల మీద తిరుగుతున్నాడు. ఏం మోస్తున్నాడో తండ్రికి తెలుసు, నాకూ తెలుసు. తెల్లారితే మళ్లీ ప్రయాణం.

"శెట్టీ, ఆ గంజాయి బొమ్మ ఇయ్యి. రెండోదే ఇయ్యి."

"సగం చూసి ఏం చేస్తావు భాయ్?"

"మొదటి సగంలో ఏముంటది? డబ్బులు, కార్లు, డ్యాన్సులు. అది చూస్తే మావోడు రేపు కాదు, ఇప్పుడే పోతాడు. జైలూ చావూ రెండోదాంట్లోనేగా ఉండేది!"

నాకూ సబబుగానే తోచింది. పది రూపాయలు తీసుకుని, డిస్కుతోపాటు కొత్త డీవీడీ ప్లేయరు కూడా ఇచ్చి పంపాను. కాసేపటికే తిరిగొచ్చాడు.

"ఏంది శెట్టీ ఇది? ఎవడో కుర్చీలో కూర్చుని ఒకటే ఇంగ్లీషు. మావోడు చూసి, 'అబ్బా, గంజాయిలో బాగా మిగిలింది ఈయనకే' అని నవ్వి బయటికి పోయాడు."

అట్ట మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. సినిమా మొత్తం మొదటి డిస్కులోనే ఉంది. రెండోది తీసినవాళ్ల కబుర్లు. సైకిలెక్కి పోయి, చూస్తున్నవాళ్లను బతిమాలి మొదటిది తీసుకుని మెకానిక్ ఇంటికి వెళ్లాను. టీవీ ముందు తండ్రి ఒక్కడే కూర్చున్నాడు. కొడుకు ఇక ఇంటికి రాలేదు, అటునుంచి అటే లారీ ఎక్కాడు. ఆ ప్రయాణంలోనే చెక్‌పోస్టు దగ్గర పట్టుబడ్డాడు.

ఒకసారి బయటికొచ్చాడు, మళ్లీ అదే దారి, మళ్లీ లోపలికి. తండ్రి ఇప్పటికీ కోర్టు వాయిదాలకు తిరుగుతున్నాడు. నేను అదే బజారులో ఫోన్ కవర్లు అమ్ముతున్నాను. అద్దె తిరిగి ఇవ్వబోయిన ప్రతిసారీ ఆయనది ఒకటే మాట.

"ఉండనీ శెట్టీ. వాడొచ్చాక బొమ్మ మొత్తం చూస్తాం గదా, అప్పుడు దాని అద్దెలో పట్టుకో."

ఆ డిస్కు గీతలు పడి పోయింది. ప్లేయరూ లేదు. ఆయనకు నేను ఇవ్వాల్సింది నేటికీ పది రూపాయలు.