రెండో సగం అల్లుడు

ఆ రోజుల్లో నాకు జపమాల సగమే వచ్చేదంటే ఎవరూ నమ్మరు. సగమంటే యాభై మూడు పూసల్లో సగం కాదు, ప్రతి పూసలోనూ సగం. మా కథోలికుల ఇళ్ళలో మంగళవార్త జపాన్ని ఒకరు మొదలుపెడితే మిగిలినవాళ్ళు మధ్యలో అందుకుంటారు. మా ఇంట్లో మొదలుపెట్టే పని తరతరాలుగా ఆడవాళ్ళది. మా అవ్వ "మరియమ్మా వందనము" అంటూ మొదటి సగం చెప్పి ఊపిరి పీల్చుకునేలోపు, మంచం మీద ఒరిగిన తాత, లారీ దిగొచ్చి చొక్కా విప్పుతున్న నాయన, లెక్కల పుస్తకం ముందు కునుకుతున్న నేను "పరిశుద్ధ మరియమ్మా" అని రెండో సగం అందుకునేవాళ్ళం. అవ్వ తరువాత అమ్మ. పెళ్ళయ్యాక, కర్నూల్లో శెట్టిగారి మేడమీద రెండు గదుల్లో కాపురం పెట్టాక, మా ఆవిడ. మొదలుపెట్టే గొంతు మారింది కానీ నా సగం మారలేదు. ఇదొక లోపమని నాకు తోచనే లేదు. (అన్నం వండటం రాకపోవడం లోపమని కూడా తోచలేదు. అది వేరే సంగతి.)

చిక్కల్లా మా మామగారితో వచ్చింది. ఆయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో వాళ్ళ ఊరి గుడిలో జపాలు నేర్పే ఉపదేశి అయినవాడు. మగవాడు జపమాల నడిపించని ఇల్లు ఇల్లే కాదని ఆయన సిద్ధాంతం. పెళ్ళిచూపుల్లో నా జీతం అడగలేదు, జపమాల ఎవరు నడిపిస్తారని అడిగాడు. "మావాడే" అని మా నాయన నా తరఫున గంభీరంగా చెప్పేశాడు. అప్పటినుంచి ఆ మాటను మా ఆవిడ కాపాడుకుంటూ వచ్చింది. తండ్రి ఫోన్ చేసినప్పుడల్లా, "ఆయనే నడిపిస్తాండాడు నాయనా, శానా బాగా" అని చెప్పేది. అబద్ధం ఎరగని మనిషి నాకోసం ఒక్క అబద్ధాన్ని మా పాపతోపాటే పెంచుతూ వచ్చింది. నేను పక్కనే పడుకుని వింటూ నిజంగానే నడిపిస్తున్నంత తృప్తి పడేవాణ్ణి.

అక్టోబరు జపమాల మాసం. మరియమాత స్వరూపం, అంటే విగ్రహం, రోజుకొక ఇంటికి వస్తుంది, ఆ ఇంటి యజమాని జపమాల నడిపించాలి. మా ఇంటి వంతు వచ్చిన రోజుకే మామగారు బస్సెక్కి వస్తున్నానన్నాడు. మా ఆవిడ ఆ వార్త చెప్పి, పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టి, ఒకే ఒక్క మాట అంది. "మా నాయన ముందర నా మాట నిలబెట్టు, సాలు." ఆమె ముఖం చూస్తే నాకు భయమేసింది. మామగారు నన్నేమనుకున్నా సర్దుకుపోగలను. కూతురు ఇన్నాళ్ళూ తనతో అబద్ధమాడిందని ఆయనకు తెలిస్తే ఆమె తలెత్తుకోలేదు.

ఇక సాధన మొదలయింది. రోజూ ఓర్వకల్లు దగ్గరి ఫ్యాక్టరీకి బండిమీద పోతూ, ఆ రాళ్ళగుట్టలు సాక్షిగా, హెల్మెట్ లోపల మొదటి సగం వల్లించేవాణ్ణి. వెనక కూర్చునే సహోద్యోగి ఆదోని వైపు పల్లెటూరివాడు, ఆంజనేయస్వామి భక్తుడు. ఎవరితో మాట్లాడుతున్నావని మొదట్లో కంగారుపడ్డాడు కానీ, వారం తిరిగేసరికి నేను తడబడిన చోట వెనకనుంచి అందించడం మొదలుపెట్టాడు. అతనికి వచ్చేసింది. నాకూ వచ్చేసిందనే అనుకున్నాను. పుస్తకం దగ్గర పెట్టుకోమని మా ఆవిడ అంటే నవ్వాను. మంగళవార్త జపం పుస్తకం చూసి చదివే కథోలికుడు ఉంటాడా?

ఆ సాయంత్రం మా ముందుగది నిండిపోయింది. మా విచారణలోని, అంటే మా గుడి కిందికి వచ్చే ఇళ్ళలోని, పెద్దవాళ్ళు చాపలమీద, మామగారు గోడకానుకుని నిటారుగా, నాకు ఎదురుగా. కింద బట్టల దుకాణం శెట్టిగారు కూడా భార్యతో పైకి వచ్చాడు. అమ్మవారు తన ఇంటి మేడమీదికి వస్తే కింద కూర్చోవడం మర్యాద కాదని పూలు, అరటిపళ్ళు, టెంకాయ తీసుకుని మరీ వచ్చాడు. విశ్వాస సంగ్రహం అందరం కలిసి చెప్పాం. పరలోక జపం కలిసి పాడాం. (ఈ పాడే ఏర్పాటు మా ఆవిడది. గండం ఒకటైనా తగ్గుతుందని.) తరువాత గది నిశ్శబ్దమైంది. అందరూ నావైపు చూశారు. నేను పూస పట్టుకున్నాను, నోరు తెరిచాను, పుట్టినప్పటినుంచి నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా నా నోరు ఏ పని చేసిందో ఆ పనే చేసింది.

"పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా" అని మొదలుపెట్టి, మరణ సమయం దాకా పోయి, ఆమెన్ అనేశాను.

ఎవరూ కదల్లేదు. వాళ్ళ సగం నేను తినేశాను, ఇక వాళ్ళు అనడానికేముంది? మామగారి కనుబొమలు పైకి లేచాయి. అప్పుడు మూలనుంచి మా ఆవిడ మొదటి సగం అందుకుంది. ఆమె వెనక ఒకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. చివరికి గదంతా కలిసి "యేసు ఆశీర్వదింపబడినవారు" దగ్గర ఆగింది, నేను హాయిగా నా సగం అందుకున్నాను. అలా ఆ జపం తలకిందులుగా నడిచింది. చెప్పకేం, బాగానే నడిచింది. నాకు ధైర్యం కూడా వచ్చింది, గొంతు పెంచాను.

పది పూసలూ అయ్యాక తెలిసింది అసలు సంగతి. మామూలుగా అయితే పదో ఆమెన్ తరువాత త్రిత్వ స్తోత్రం చెప్పి ముందుకు పోవాలి. కానీ మా పదో ఆమెన్ అప్పటికే అయిపోయింది. జనం మొదటి సగం చెప్పి, నోళ్ళు తెరుచుకుని నావైపు చూస్తున్నారు. జపాన్ని సగంలో వదిలేస్తామా? నేను రెండో సగం చెప్పి పూర్తిచేశాను. అది నేను మొదలుపెట్టడమనుకుని వాళ్ళు మొదటి సగం అందుకున్నారు. దాన్ని సగంలో వదల్లేక నేను మళ్ళీ అందుకున్నాను. ఆపే దారి నాకు కనిపించలేదు, వాళ్ళకూ కనిపించలేదు. నా వేళ్ళు పదికొకటిగా వచ్చే పెద్దపూస దాటిపోయాయి, తరువాతి పదీ దాటిపోయాయి. చాపమీద ఒక పెద్దమ్మ మోకాళ్ళు మార్చుకుంది. మాల రెండో కొస నోట్లో పెట్టుకుని చీకుతున్న పాప నా ఒళ్ళోనే నిద్రపోయింది. శెట్టిగారు వంగి నా చెవిలో, "ఏమప్పా, ఇంగా శానా ఉండాదా? అంగడి మూయల్ల" అన్నాడు. జవాబు చెప్పడానికి నాకు ఖాళీ ఏది? అప్పుడే నా వంతు వచ్చింది. ఆయన మరి కాసేపు ఓపికపట్టి, పూజ ముగిసే ఘట్టం ఇదేనని తనంతట తానే తీర్మానించుకుని, గడప దగ్గరికి పోయి టెంకాయ ఫెళ్ళున పగలగొట్టాడు.

అంతే, అందరూ ఉలిక్కిపడి సిలువ గుర్తు వేసుకున్నారు. ఆ సందులో మామగారు త్రిత్వ స్తోత్రం ఎత్తుకుని, మిగిలిన దేవ రహస్యాలన్నీ, అంటే మిగిలిన పదులన్నీ, తానే నడిపించాడు. మా ఆవిడ వంటింట్లోకి పోయి, అందరూ వెళ్ళేదాకా బయటికి రాలేదు. తండ్రికి అన్నం పెట్టేటప్పుడు కూడా తల వంచుకునే ఉంది. ఆయన తిని, చేయి కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు తిట్టుంటే బాగుండేది.

మర్నాడు పొద్దున ఆయన్ను బస్టాండుకు నేనే తీసుకుపోయాను. కడప బస్సు కోసం నిలబడ్డప్పుడు, నేను అడగకుండానే అన్నాడు.

"నా కూతురు ఫోన్లో చెప్తాండేది అబద్ధమని నిన్న మొదటి పూసకే తెలిసిపాయ."

తప్పంతా నాదని, ఆ పిల్లను ఏమీ అనొద్దని గొణిగాను.

"ఎవుర్నీ అనేదానికి కాదులేప్పా. రోజూ మొదలుపెట్టేది ఆ పిల్లే. కానీ రోజూ అందుకుంటాండేది నువ్వే గదా. అందుకోనోని నోట్లో ఆ సగం అంత గట్టిగా యెట్ల కూసుంటాది?" ఆయన సంచీ చేతులు మార్చుకున్నాడు. "మీ అత్త పోయినప్పటినుంచి నేను మొదలుపెట్టి ఆగుతాండా. ఎవురూ అందుకోరు. మళ్ళ నేనే అందుకుంటాండా. అది జపం మాదిరి ఉండదప్పా."

ఊరందరికీ జపం నేర్పిన మనిషి ఇంట్లో ఒంటరిగా కూర్చుని, ప్రతి పూస దగ్గరా అలవాటుకొద్దీ ఆగుతాడని నేనెప్పుడూ ఊహించలేదు. బస్సు వచ్చింది. ఆయన ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, జేబులోంచి మాల తీసి, నావైపు చూసి, ఉన్నపళంగా మొదటి సగం మొదలుపెట్టాడు. నేను కిందనుంచి అందుకున్నాను. బస్టాండు హోరులో వినపడాలంటే అరవాల్సిందే, అరిచాను. కండక్టరు మా ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, ఎక్కేదుంటే ఎక్కమన్నాడు. బస్సు కదిలాక కూడా నేను కొంతదూరం నడుస్తూ ఆమెన్ అన్నాను. ఇంటికొచ్చి ఇదంతా చెబితే, మా ఆవిడ నవ్వలేక ఏడ్చింది, ఏడవలేక నవ్వింది.

ఆ సాయంత్రం నుంచి మామగారు రోజూ నాకే ఫోన్ చేసేవాడు. బాగున్నావా అని లేదు, పాప ఎట్లుందని లేదు. ఎత్తగానే మొదటి సగం. నేను షిఫ్టులో ఉన్నా, టీ బంకు దగ్గరున్నా, ఒకసారి మేనేజరు నన్ను చీవాట్లు పెడుతున్నా, చెవికి ఫోన్ ఆనించి "పాపాత్ములమై ఉన్న మాకొరకు" అని అందుకోవలసిందే. (మేనేజరు అది తనమీదే అనుకున్నాడు. ఆ ఏడు నాకు ఇంక్రిమెంటు రాలేదు.)

ఇప్పుడు ఆ ఫోన్ రాదు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. నాకు రెండు సగాలూ తడుముకోకుండా వచ్చు. విచారణలో పెద్దవాణ్ణయ్యాను, అక్టోబరులో ఇంటింటికీ పోయి నడిపిస్తాను కూడా. కానీ మా ఇంట్లో మాత్రం మొదలుపెట్టేది మా ఆవిడే. ఆమె తన సగం చెప్పి ఆగుతుంది. నేను, నెరిసిన మీసం సవరించుకుంటూ, మంగంపేట దాకా వినపడేంత గట్టిగా అందుకుంటాను. ఎందుకా అరుపు, పక్కనే ఉన్నా గదా అని ఆమె రోజూ కసురుతుంది. కసిరి, తరువాతి పూస మొదలుపెడుతుంది.