కార్జం మానేసిన ఆరోగ్యమేరి

తిరుత్తణి బైపాస్ పక్కన మటన్ కొట్టు నడిపే ఆరోగ్యమేరి కోపం సంగతి ఊరంతా ఎరుగుదురు. మొగుడు పోయాక కత్తి తనే పట్టింది. మేక గొంతు కోయడం, తోలు ఒలవడం, ఎముకలు నరకడం, అన్నీ ఆమే. మరిది సుందరరాజ్ కాటా చూసి సంచుల్లో వేసి ఇచ్చేవాడు. గట్టిగా బేరమాడితే ఆమె ఎముక తీసి మీదికి విసిరేది. కొట్టుకు అడ్డంగా బండి నిలిపినందుకు ఒకసారి ఒకడి హెడ్‌లైటు కత్తి వెనక్కి తిప్పి పగలగొట్టింది.

కొన్నేళ్ళుగా ఆమె కుడికాలి బొటనవేలు ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బి మండేది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేది. తర్వాత ఆ నొప్పి మోకాలికీ మణికట్టుకీ పాకింది. నిలబడి చేసే పని కదా, అందుకే అనుకుంది. కొట్టుకొచ్చిన వాళ్ళంతా మేకకాళ్ళ రసం తాగమన్నారు. తాగింది. బలానికని అమ్ముడుపోని కార్జం, బోటి రోజూ వేపుకుని తినేది. నొప్పి తెలియకుండా సాయంత్రం బీరు తాగేది. వేలు ఎంత మండితే అంత తినేది.

కొండమీది గుడికి జనం కావళ్ళు మోసుకొచ్చే ఆడికృత్తిక పండగ రోజుల్లో మాంసం అడిగేవాళ్ళు ఉండరు. పండగ దాటిన ఆదివారం మాత్రం పొద్దు పొడవకముందే జనం వరస కట్టారు. ఆ రోజు ఆమె చెప్పు తొడుక్కోలేక గోనెసంచి మీద వట్టికాళ్ళతో నిలబడి నరుకుతోంది. దెబ్బ పడినప్పుడల్లా మొద్దు అదిరి, ఆ అదురు వేలిలోకి దిగుతోంది.

"నువ్వు కూసో వదినా. నేను నరకతా," అన్నాడు సుందరరాజ్.

"కత్తి నీకిచ్చి నేను యాడికి పోవాల? కొట్టు కూడా రాసిమ్మంటావా?"

"ఎవురడిగినారు కొట్టు? నీ మొగం చూసుకో, యెట్లుండాదో."

అతను మాంసం అందుకోవడానికి ముందుకు వంగాడు. చెప్పుకాలు ఆమె బొటనవేలి మీద పడింది.

ఆమె కళ్ళముందు అంతా తెల్లబడింది. మేక తొడ మీద దిగాల్సిన కత్తి సుందరరాజ్ ముంజేతి మీద దిగింది. పొరపాటున కాదు. ఆమె చెయ్యి తిప్పి మరీ వేసింది. నెత్తురు కాటా మీద, వేలాడే మాంసం మీద చిమ్మింది. వరసలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ పారిపోయారు. ఆమె మళ్ళీ కత్తి ఎత్తింది. అతను తెగిన చేతిని పొట్టకు అదుముకుని, "వదినా," అన్నాడు. అంతే. కత్తి ఆమె చేతిలోంచి జారిపోయింది.

కొంగు చించి అతని చేతికి బిగించి కట్టింది. తిరువళ్ళూరు పెద్దాసుపత్రి దాకా అంబులెన్సులో ఆ గాయాన్ని రెండు చేతులా నొక్కిపట్టుకునే కూర్చుంది. పోలీసాయన అడిగితే, కత్తి జారిందని సుందరరాజ్ తమిళంలో చెప్పాడు. ఆమె వైపు చూడలేదు.

అతనికి కుట్లు వేసి బయటికొచ్చిన డాక్టరు విద్యాలక్ష్మి కళ్ళు వరండాలో కూర్చున్న ఆమె కాలి మీద పడ్డాయి. ఆమెకు నెత్తురు పరీక్ష చేయించింది.

"ఏమేం తింటావమ్మా?"

ఆరోగ్యమేరి చెప్పింది.

"నీ వొంట్లో యూరిక్ ఆసిడ్ ఎక్కువైంది. అది సన్నని గాజుపెంకుల మాదిరి కీళ్ళల్లో చేరతాది. కార్జం, బోటి, బీరు దాన్ని ఇంకా పెంచతాయి. అందరి కీళ్ళనొప్పులూ ఇట్లాంటివి కావు. నీది మాత్రం ఇదే. మాత్రలు వేసుకోవాల, అవి మానాల. రెండూ చేయాల."

"బలానికని తింటి."

"తెలుసమ్మా. ఇంక వద్దు."

మానడం తేలిగ్గా జరగలేదు. పగలంతా ఊరివాళ్ళకు కార్జం కోసిచ్చి, ఇంటికొచ్చి రాగిసంగటి, ఆకుకూర తినాలి. ఒక సాయంత్రం ఉండబట్టలేక కార్జం పొయ్యి మీద పెట్టింది. కమ్మని వాసన లేచాక కాగే మూకుడు ఎత్తి గోడకేసి కొట్టింది. చిందిన నూనె మెడ మీద పడి బొబ్బలెక్కింది. మాత్రలు మాత్రం ఆపలేదు. మెల్లగా వేలి వాపు తీసింది. ఎప్పుడైనా మోకాలు సలిపేది గానీ మునుపటి మంట లేదు. ఊళ్ళో అందరూ ఆమె చల్లబడిందన్నారు. ఆమె కూడా నమ్మింది.

ఒకరోజు ముక్కల్లో కొవ్వెక్కువుందని ఒకతను సంచి విసిరికొట్టాడు. ఆమె కత్తితో సహా కొట్టు దిగి అతని చొక్కా పట్టుకుంది. సుందరరాజ్ నడుమ దూరి విడదీశాడు. ఆమె మొద్దు మీద కూర్చుండిపోయింది. ఆ రోజు ఆమె వొంట్లో ఎక్కడా నొప్పి లేదు.

"నొప్పి నీ చేయి నరికించిందనుకుంటాంటి, సుందరా. నొప్పి కాదు. నేనే."

"నాకు ఆ పొద్దే తెలుసు వదినా."

"మరి పోలీసోళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

అతను వంగి నేల మీద పడిన ముక్కలు ఏరుతున్నాడు. కుట్లు పడిన చేతికి రెండు వేళ్ళు ముడుచుకోవు, ముక్కలు జారిపోతున్నాయి. ఆమె కిందికి దిగి పక్కన కూర్చుని తనూ ఏరింది.

"కత్తి నువ్వు తీసుకో," అంది.

"ఈ చేత్తో యెట్ల పట్టేది? మనిషిని పెడదాం."

మరుసటి వారం నుంచి రత్నస్వామి అనే అతను నరకడానికి వస్తున్నాడు. ఆరోగ్యమేరి కాటా దగ్గర కూర్చుంటుంది. బేరాలన్నీ సుందరరాజ్ చూస్తాడు. ఆమెకు కోపం వస్తే లేచి వెనకవైపు కొళాయి దగ్గరికి పోయి, నీళ్ళు వదిలి, చేతులు కడుగుతూ నిలబడుతుంది.