చిలుక కొట్టిన జామపండు

నర్సంపేట దగ్గరి మా జామతోటలో ఒక ఆచారం ఉంది. నున్నగా మెరిసేవి బజారుకు పోతాయి, చిలుక కొట్టినవి ఇంట్లోకి వస్తాయి. చిలుకను మించి రుచి తెలిసిన జీవి ముల్లోకాల్లో లేదని మా బాపు నమ్మకం. అందుకే హన్మకొండలో బట్టల దుకాణం నడిపే మా కొత్త బావ తొలిసారి తోటకు వచ్చినప్పుడు, బాపు చెట్టుచెట్టూ గాలించి, చిలుకలు సగం తినేసిన పండ్లను ఇత్తడి పళ్లెంలో పెట్టి అందించాడు.

బావ ముఖం కోట రాయిలా బిగుసుకుంది.

"అల్లునికి ఎంగిలి పండ్లు పెడతరా మామా?" అని లేచి జేబులోంచి బండి తాళం తీశాడు. ఆయన అలిగిపోతే అక్క కూడా పోవాలి. అక్క వచ్చి గంట కూడా కాలేదు.

"జర ఆగుండ్రి, ఒక్కటి తిని పోదాం. చిలుక వద్దన్నది మనమెట్ల తింటం?" అంది అక్క.

బావ కోపంగానే కొరికాడు. తర్వాత లోకమంతా నిశ్శబ్దమైపోయి, నమిలే చప్పుడొక్కటే మిగిలింది. పళ్లెం ఖాళీ అయ్యింది, తాళం జేబులోకి పోయింది.

ఇప్పుడు హన్మకొండ బజారులో మచ్చలేని జామపండు కనిపిస్తే చాలు, బావ పండ్లమ్మే ఆమెను నిలదీస్తాడు: "ఏందమ్మా, దీన్ని చిలుక కూడా ముట్టలేదా?"