బామ్మగారిని బొమ్మల సినిమాకి తీసుకెళ్లిన ఆదివారం

మొన్న సాయంత్రం నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర మా బస్సు సిగ్నల్‌లో ఆగింది. ముందు సీట్లో ఎవరో తల్లి, ఆమె ఒళ్లో చిన్నపిల్ల, ఆ పిల్ల చేతిలో ఫోను. ఉన్నట్టుండి ఆ ఫోనులోంచి ఒక మగపిల్లవాడి కేక వినిపించింది. "అమ్మో అమ్మో అమ్మోఓ, బల్లీ!" బస్సులో నలుగురూ ఫక్కున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కేక వేసిన మనిషి పోయిన వేసవిలో కన్నుమూసింది. నేను చూస్తుండగానే ఆమెను బన్సీలాల్‌పేట శ్మశానానికి తీసుకెళ్లారు. నా స్టాప్ వచ్చినా దిగకుండా అలాగే కూర్చుండిపోయాను. ఆమె పేరు అన్నపూర్ణ. నేను ఆంటీ అనేదాన్ని.

పోటీ పరీక్షల కోచింగ్ కోసం నల్గొండ నుంచి వచ్చిన కొత్తలో, చిక్కడపల్లిలో వాళ్ల ఇంటి మేడమీద గదిలో కిరాయికి దిగాను. పొద్దున అశోక్‌నగర్‌లో క్లాసులు, మధ్యాహ్నం నుంచి లైబ్రరీ. కింద అన్నపూర్ణ ఆంటీ, ఆమె భర్త, అత్తగారు ఉండేవాళ్లు. అత్తగారిని వీధివీధంతా బామ్మగారు అనేది. ఎప్పుడో పెళ్లయిన కొత్తలో తెనాలి నుంచి వచ్చిన మనిషి. ఆ ఇంట్లో మాట్లాడే హక్కు మొత్తం ఆవిడ పేరు మీదే రిజిస్టరై ఉండేది. కొడుకుకి ఆఫీసులో ఎంత నోరుండేదో తెలియదు కానీ, ఇంటికొస్తే పేపరు వెనక దాక్కునేవాడు. కోడలికి రెండే మాటలు వచ్చు. ఒకటి "సరే అత్తయ్యా", రెండోది "అలాగే అత్తయ్యా". నాలాంటి వాగుడుకాయకి ఆ మౌనం చూస్తే ఊపిరాడేది కాదు. ఒక్క బల్లి కనిపించినప్పుడే ఆంటీ గొంతు బయటికొచ్చేది. వంటింట్లోంచి ఆమె కేక వేస్తే మేడమీద నా చేతిలో టీ ఒలికిపోయేది.

ఆంటీ వారంలో ఒకటి రెండు రోజులు, బర్కత్‌పురలో పిల్లలకు హిందీ ట్యూషన్ చెప్పాలంటూ బయటికి వెళ్లేది. ఆ రోజుల్లో మెత్తగా నలిగిపోయిన నూలు చీర కట్టేది. చేతులకి ఒక్క గాజు ఉండేది కాదు. ఆమె మట్టిగాజులు మణికట్టుకి బిగుతుగా ఉండేవి. పెరట్లో కుళాయి దగ్గర సబ్బు రాసుకుని ఒక్కొక్కటే తీసి, కొంగు రెండు చేతుల మీదుగా కప్పుకుని వెళ్లిపోవడం నేను పైనుంచి చూశాను. భర్త ఉన్న ఇల్లాలు బోసి చేతులతో గడప దాటడమా! నాకు విచిత్రంగా ఉండేది. ఎదురింటావిడకి అంతకంటే విచిత్రంగా ఉన్నట్టుంది. మొగుడితో పడటం లేదనీ, ఇంకా ఏవేవో కలిపి బామ్మగారి చెవిన వేసింది.

ఆ రోజు బామ్మగారి కేకలకి వీధిలో కూరగాయల బండి కూడా ఆగిపోయింది. "మా అబ్బాయి గుండ్రాయిలా ఉండగా బోసి చేతులతో ఊరేగుతావా? ఏం ట్యూషనే అది? ఇవ్వాళ్టి నుంచి నువ్వు గడప దాటడానికి వీల్లేదు!" ఆంటీ తలొంచుకుని "సరే అత్తయ్యా" అంది. అంతే. మర్నాటి నుంచి ఇంట్లో ఆమె ఫోను మోగేది, మోగి మోగి ఆగిపోయేది. ఆమె దాన్ని చూస్తూ కూర్చునేది కానీ ఎత్తేది కాదు. ఉండబట్టలేక ఒకరోజు అడిగాను. "ఏంది ఆంటీ, ఎవరు గన్నిసార్లు చేస్తున్నరు?" ఆమె మెల్లగా అంది. "ఒక పనికి పిలుస్తున్నారమ్మా. ఈ వారంలో వెళ్లకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. మళ్లీ నన్ను పిలవరు." ఏం పనో చెప్పలేదు. చెంగుతో కళ్లు ఒత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం మా అన్న కూతురు చిన్ని నా దగ్గరికి వచ్చి ఉంది. ఊరంతా చెప్పుకుంటున్న బొమ్మల సినిమా ఒకటి నారాయణగూడలో ఆడుతోంది. అతీత శక్తులున్న ఒక పిల్లవాడి కథ అది, తెలుగు మాటలతో వచ్చింది. మేమిద్దరం మెట్లు దిగుతుంటే ఆంటీ ఎదురొచ్చింది. "అత్తయ్యగారిని కూడా తీసుకెళ్తావా అమ్మా?" అంది. నేను బిత్తరపోయాను. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. పైగా బామ్మగారిని బొమ్మల సినిమాకా! బామ్మగారు ముందు "నేనేమన్నా పసిపిల్లనా" అని గయ్యిమంది. చిన్ని వెళ్లి చెయ్యి పట్టుకుని లాగితే మాత్రం, ఈ పిల్ల కోసం తప్పదన్నట్టు చెప్పులు తొడుక్కుంది.

హాలు నిండా పిల్లలుంటారనుకుంటే, తలపండిన వాళ్లూ, కాలేజీ పిల్లలూ, చంకల్లో పసివాళ్లతో తల్లులూ కిటకిటలాడుతున్నారు. తెర మీద పిల్లవాడు కూలిపోతున్న వంతెనను ఒంటిచేత్తో ఎత్తి పట్టుకుంటాడు. కానీ వాడికి బల్లి అంటే భయం. వంతెన మోస్తున్న చెయ్యి మీదికే ఒక బల్లి పాకింది. వాడు కేక వేశాడు. "అమ్మో అమ్మో అమ్మోఓ, బల్లీ!" హాలంతా విరగబడి నవ్వింది. నేను మాత్రం కుర్చీలో బిగుసుకుపోయాను. అది ఆంటీ కేక! పొరపాటు పడే సమస్యే లేదు, ఆ కేకకి నేనెన్ని కప్పుల టీ ఒలకబోసుకున్నానో నాకు తెలుసు. నూలు చీర, గాజుల్లేని చేతులు, ఎత్తని ఫోను, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. పక్కన బామ్మగారికి ఇవేవీ పట్టలేదు. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. చివర్లో ఆ పిల్లవాడు ముసలి నాయనమ్మకి అడ్డుగా నిలబడి, రాక్షసుడితో "ముందు నన్ను దాటు, తర్వాత మా బామ్మ జోలికి వెళ్దువుగాని" అంటే, పిల్లలతో సమానంగా చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చాక కూడా అదే ముచ్చట. ఆంటీ మంచినీళ్లు తెచ్చి ఇస్తే, గ్లాసు చేతిలో పట్టుకుని బామ్మగారు నిట్టూర్చింది. "ఎంత ముద్దుగా మాట్లాడాడే వెధవ! వాళ్ల బామ్మంటే వాడికెంత ప్రాణమో. ఈ కొంపలో నాతో అలా మాట్లాడేవాళ్లు ఒక్కరున్నారా?" ఆంటీ గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఇటు తిరగలేదు. గోడ వైపు చూస్తూనే, అచ్చం ఆ పిల్లవాడి గొంతుతో అంది. "ముందు నన్ను దాటు, తర్వాత మా బామ్మ జోలికి వెళ్దువుగాని."

గ్లాసు కింద పడింది. నీళ్లు గదంతా పారాయి. బామ్మగారు కోడలి వీపు వైపు చాలాసేపు చూసింది. బామ్మగారికి మాట రాకపోవడం నా జన్మలో చూస్తాననుకోలేదు. చివరికి "ఇన్నేళ్లు ఈ గొంతు ఎక్కడ దాచావే?" అంది. ఆంటీ అప్పుడు తిరిగింది. కోపం లేదు, ఏడుపూ లేదు. "దాచలేదు అత్తయ్యా. మీరెప్పుడూ అడగలేదు" అంది.

చిన్నప్పుడు రేడియోలో పిల్లల నాటికలు వేసేదట. పెళ్లయ్యాక మానేసి, చాలా ఏళ్లకు ఎవరో పాత పరిచయస్థులు పిలిస్తే భర్తకు మాత్రం చెప్పి డబ్బింగ్‌కి వెళ్లడం మొదలుపెట్టిందట. ఆ పనిలో మగపిల్లలకి గొంతు ఎక్కువగా ఆడవాళ్లే ఇస్తారట. మైకు ముందు గాజులు గలగలమన్నా, పట్టుచీర గరగరమన్నా పని చెడుతుందట. ఖాళీ కడుపుతో వెళ్తే పేగుల చప్పుడు కూడా వినిపిస్తుందని చెబుతుంటే బామ్మగారు కొత్తగా బడిలో చేరిన పిల్లలా వింటూ కూర్చుంది. ఇంతలో ఫోను మోగింది. ఆ సినిమా రెండో భాగం కోసం. ఆంటీ అత్తగారి వైపు చూసింది. "నా మొహం చూస్తావేం? ఎత్తు. ఆ పిల్లాడికి ఇంకెవరిదో గొంతు పెడితే నేను ఒప్పుకోనని చెప్పు" అంది బామ్మగారు.

నాకు తర్వాత బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, చిక్కడపల్లి వదిలేశాను. పరీక్షల కోసం అప్పుడు బట్టీపట్టినవన్నీ ఎప్పుడో మరిచిపోయాను. "మీరెప్పుడూ అడగలేదు" అని అన్నపూర్ణ ఆంటీ అన్న ఆ ఒక్క మాట మాత్రం నన్ను వదల్లేదు. నోరు మెదపని మనిషి ఎదురైతే, నా వాగుడు కట్టిపెట్టి ఒక ప్రశ్న అడుగుతాను, జవాబు వచ్చేదాకా కూర్చుంటాను. నాలాంటిదానికి అది చిన్న శిక్ష కాదు. ఆంటీ పోయిన కొన్నాళ్లకి నల్గొండ వెళ్లినప్పుడు అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నలభై దాటిన దాన్ని, మా అమ్మను ఎన్నడూ అడగని మాట అప్పుడు అడిగాను. "అమ్మా, నీకు చిన్నప్పుడు ఏం కావాలనుండె?" అమ్మ చాలాసేపు పలకలేదు. నేనూ పలకలేదు. ఆఖరికి చేతిలో కాయ చేటలో పెట్టి, "బస్సు నడపాలనుండె బిడ్డా" అంది. మా అమ్మ సైకిల్ ఎక్కగా కూడా నేను చూడలేదు. తేరుకుని, "ఏ రూట్లనే?" అన్నాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దేవరకొండ రూట్ల. పొద్దుగాల మొదటి బస్సు" అంది.