వదినకి తొమ్మిదంగుళాల స్టూలు

మా వదిన చల్లపల్లి బజారులో నేలమీద కత్తిపీట పెట్టి, దాన్ని కాలితో తొక్కిపట్టి రోజంతా చేపలు కోస్తుంది. కూర్చునేది నాలుగంగుళాల చెక్కపీట మీద. సాయంత్రానికి నడుం పట్టేసి లేవలేకపోతోంది. మూడు రోజులు పక్కనే ఉండి ఆవిడ మోకాలి ఎత్తూ కత్తి ఎత్తూ టేపుతో కొలిచాను. తొమ్మిదంగుళాల ఎత్తు, ముందుకి అంగుళం వాలు ఉంటే వెన్ను వంగదని లెక్క తేలింది. బస్సులో పట్టుకెళ్లేలా మడత స్టూలు బొమ్మ గీసి, గవర్నర్‌పేటలో వెల్డింగ్ షాపాయనకిచ్చాను.

ఆయన పద్దెనిమిది అంగుళాలకి చేసిపెట్టాడు. వాలు అసలే లేదు.

"తొమ్మిదంటే పొరపాటున రాశారనుకున్నానండీ. ఆవిడ దర్జాగా కూర్చోవద్దా?"

నాకు ఒళ్లు మండింది. "దర్జాగా కూర్చుంటే చేపలెవరు కోస్తారండీ? కాలు కత్తిపీటకి అందాలా వద్దా? కొలిచింది నేను, కూర్చునేది ఆవిడ. మధ్యలో మీరనుకోవడమేంటి?"

ఆయన్నే దానిమీద కూర్చోబెట్టి, నేలమీదున్న రేకుని వంగి కత్తిరించమన్నాను. కాసేపటికే నడుం పట్టుకున్నాడు.

"సరేనండీ, కాళ్లు సగానికి కోసేస్తాను."

"సగానికి కాదు. వెనకవి తొమ్మిది, ముందువి ఎనిమిది. కోసేదాకా నేనిక్కణ్ణించి కదలను."