ట్యాంకు నడిపే కూతుర్ని ఇంటికి రమ్మందామని

శనివారం ఉదయం ఏడుంపావుకు నార్తాంప్టన్ స్టేషన్ ముందు మా ఆయన కారు ఆపాడు. దిగలేదు. "అడుగుతావు గదా? దాన్ని చూస్తానే మెత్తబడొద్దు. ఉద్యోగానికి నోటీసు ఇచ్చి ఇంటికి రమ్మను" అన్నాడు. నువ్వూ రాకూడదా అంటే, "ఆ యూనిఫాం చూస్తే నాకు నోరు పెగల్దు. నువ్వే పో" అని స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో కష్టమైన మాటలన్నీ నా చేతే చెప్పిస్తాడు ఈ మనిషి!

మా అమ్మాయి శ్రావ్య బ్రిటిష్ సైన్యంలో ట్యాంకు డ్రైవరు. నార్తాంప్టన్‌లోనే పుట్టింది. మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే రకం. పోయిన ఏడాదంతా వాళ్ల రెజిమెంటు దేశం బయటే ఉంది. మొదట జర్మనీలో శిక్షణ, తర్వాత ఒమన్ ఎడారిలో, చివరికి చలికాలమంతా ఎస్టోనియాలో కాపలా. ఆ ఏడాది అక్కడి వాతావరణం ఎలా ఉందో ఫోన్లో చూసుకోకుండా నేను ఒక్క పూటా కాఫీ తాగలేదు. ఇప్పుడు తిరిగొచ్చారు. కుటుంబాల వాళ్లు వచ్చి చూసిపొమ్మని ఆ శనివారం సైనిక శిబిరం గేట్లు తెరిచారు. శ్రావ్య సైన్యంలో ఉంటానని మొదట ఒప్పుకున్న గడువు అయిపోవస్తోంది. ఇప్పుడు నోటీసు ఇస్తే బయటికి రావచ్చు. ఇవ్వకపోతే మళ్లీ ట్యాంకు, మళ్లీ ఏ దేశమో. ఆ మాట అడగడానికే ఆసుపత్రి వార్డులో నా డ్యూటీ రోటా మార్చుకుని బయలుదేరాను.

లండన్ యూస్టన్ పోయే రైల్లో నా ఎదుట చీరాల అమ్మాయి ఒకతె కూర్చుంది. మాస్టర్స్ చదువుతోందట. నా సంచిలోని పులిహోర వాసనకు తనే పలకరించింది.

"ఎక్కడికాంటీ?"

"మా అమ్మాయి దగ్గరికి. ట్యాంకు నడుపుతుంది."

"వాటర్ ట్యాంకరా ఆంటీ?"

"కాదు తల్లీ, యుద్ధం ట్యాంకు."

"అయ్యబాబోయ్! ఎలా పంపించారాంటీ?"

పంపించానా నేను? చెప్పి వెళ్లింది, అంతే. నవ్వేసి ఆ పిల్లకు నాలుగు ముద్దల పులిహోర పెట్టాను.

ఆ వైపు వెళ్లాలనుకునే వాళ్లకు ఒక మాట. యూస్టన్‌లో దిగాక మెట్రోలో నార్తర్న్ లైన్‌లో చారింగ్ క్రాస్ మీదుగా పోయే బండే ఎక్కండి. బ్యాంక్ అనే స్టేషన్ వైపు పోయేది ఎక్కి నేనొకసారి మోసపోయాను. వాటర్‌లూ నుంచి ఆండోవర్‌కు గంటంపావు. మా ఆయన వచ్చి ఉంటే ఇద్దరి రైల్‌కార్డుతో టికెట్టు తగ్గేది కూడా. ఆండోవర్‌లో దిగేసరికి పదిన్నర అయింది. అక్కడి నుంచి బస్సు. దార్లో పచ్చటి గుట్టల పక్కన 'ట్యాంకులు అడ్డంగా వచ్చును' అన్న బోర్డు ఉంటుంది, మన దగ్గర పశువులు వచ్చునన్నట్టు. ఊరి పేరు మాత్రం రాయొద్దని శ్రావ్య గట్టిగా చెప్పింది.

గేటు దగ్గర పాస్‌పోర్టు చూసి లోపలికి వదిలారు. శ్రావ్య పరిగెత్తుకుంటూ వచ్చింది. చిక్కిపోయింది. బుగ్గలు చలికి పగిలి, ఒళ్లంతా డీజిలు వాసన. పట్టుకుని వదల్లేదు నేను.

"మమ్, పీపుల్ ఆర్ లుకింగ్!"

"చూడనీ!"

ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లింది. ఇంట్లో పార్కింగు సరిగ్గా చేయని పిల్ల ఇంత ఇనుప కొండను నడిపిందంటే నమ్మబుద్ధి కాలేదు. ట్యాంకులో నలుగురుంటారు. మిగతా ముగ్గురూ మగపిల్లలే. ట్యాంకు కమాండరు గ్యారెత్, వేల్స్ మనిషి, దూరం నుంచే "హలో ఆంటీ!" అన్నాడు. ఆ పిలుపు ఎవరు నేర్పారో అడగక్కర్లేదు.

"మా టీ పాడుచేసింది మీరే ఆంటీ" అన్నాడు ఇంగ్లీషులో.

సంగతేమంటే, ప్రతి ట్యాంకులోనూ నీళ్లు కాచుకునే ఇనుప పెట్టె ఒకటుంటుంది. టీ అయినా, ప్యాకెట్ల తిండి వేడి చేసుకోవాలన్నా అదే. ఎస్టోనియాకు నేను చారుపొడి పంపితే మా మహాతల్లి తిన్నగా ఆ పెట్టెలోనే పోసి కాచిందట! ఎంత తోమినా ఇంగువ వాసన వదల్లేదు. పక్క ట్యాంకు వాళ్లు వీళ్ల టీ ముట్టడం మానేశారు. నాకు సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

"మంచులో మాత్రం ఆ చారే మమ్మల్ని నిలబెట్టింది" అన్నాడతను.

తర్వాత టీ పెట్టారు. మొదటి మగ్గు ఎవరూ ఏమీ అనకుండానే శ్రావ్య చేతికి వెళ్లింది. తర్వాతే నాకు. అతిథికి ముందివ్వరేమిటా అని చూస్తుంటే గ్యారెత్ చెప్పాడు. మిగతా ముగ్గురూ పైన ఒకచోట ఉంటారట. డ్రైవరు ఒక్కతే ముందు గూట్లో వెల్లకిలా పడుకుని గంటలకొద్దీ నడపాలి. అందుకని మొదటి మగ్గు ఎప్పుడూ డ్రైవరుకే.

"ఇప్పుడు బండి ఆగే ఉంది కదా?" అన్నాను.

"అలవాటైపోయింది ఆంటీ."

దాని ఏడో పుట్టినరోజు గుర్తొచ్చింది. క్లాసు మొత్తాన్ని పిలిచాం. ఒక్కరూ రాలేదు. బెలూన్లన్నీ మా ఆయనే ఊది, సాయంత్రం మళ్లీ ఆయనే విప్పాడు. ఆ స్కూల్లో ఆటల వేళ అది కంచె కమ్మీల పక్కన ఒంటరిగా నిలబడి ఉండటమే నాకు తెలుసు. ఇక్కడ ముగ్గురు దాని భుజాలు రాసుకుంటూ నిలబడి దాన్ని ఏడిపిస్తున్నారు. అదీ ఊరుకోవడం లేదు, మాటకు మాట అంటిస్తోంది.

అయినా అడిగాను. వచ్చిందే అందుకు. నాలుగుంపావుకు బస్సు స్టాపు దగ్గర, "నోటీసు ఇచ్చేసి ఇంటికి రారాదా, శ్రావ్యా?" అన్నాను. అది బూట్ల వైపు చూసింది.

"ఓకే, మమ్. ఐ విల్ డూ ఇట్ మండే. ఇట్స్ ఫైన్."

బస్సు వచ్చింది. ఎక్కేశాను.

వాటర్‌లూ రైలు ఆండోవర్ దాటగానే మా ఆయన ఫోను. "అడిగితివా?"

"అడిగినా. వస్తా అనింది."

"అబ్బ! బతికిస్తివి!" అని ఫోన్లోనే కేకేశాడు. నాకు ఆ సంతోషం రాలేదు. కిటికీలోంచి గొర్రెలూ, పసుపు పూల పొలాలూ చూస్తూ కూర్చున్నాను. 'ఇట్స్ ఫైన్.' ఆ గొంతు నాకు బాగా తెలుసు. ప్రైమరీ స్కూలు గేటు దగ్గర రోజూ, "ఎవరితో ఆడుకున్నావే?" అని అడిగితే ఇదే గొంతుతో, ఇలాగే కిందికి చూస్తూ చెప్పేది. బేసింగ్‌స్టోక్ రాకముందే దానికి ఫోను చేశాను.

"నోటీసు ఇవ్వొద్దు."

"మమ్... ఆర్ యూ ష్యూర్?"

"నీ ఇష్టం వచ్చినన్నాళ్లు ఉండు. నేను మీ నాన్నకు చెప్పుకుంటా."

వెనక ఎవరో దాని పేరు పెట్టి అరుస్తున్నారు. వస్తున్నానని అరిచింది. ఆ అరుపులో ఏడుపూ ఉంది, నవ్వూ ఉంది. ఏడాదిపాటు ఆ పిల్ల చలిలో, ఇసుకలో ఒంటరిగా ఉందనుకుని నేను కుమిలిపోయాను. ఆ ఏడాదే అది ఒంటరిగా లేనిది!

నార్తాంప్టన్ చేరేసరికి ఎనిమిదిన్నర. ఇంకా వెలుగుంది. మా ఆయన ఈసారి కారు దిగి నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడొస్తుంది?"

"రాదు. నేనే వద్దన్నా."

ముఖం ఎర్రబడింది. "ఏమే, నీకేమన్నా..."

"అక్కడ దాని పక్కన నిలబడేవాళ్లు ఉన్నారయ్యా. ముగ్గురు."

ఆయన కార్లో కూర్చుని, తాళం పెట్టబోయి నా వైపు తిరిగాడు.

"ముగ్గురా?" అన్నాడు.